20 x 54 తూర్పు ఫేసింగ్, 120 గజాలు, సింగ్‌నగర్: మెట్లు ఎక్కడ పెట్టాలో తేలట్లేదు

సింగ్‌నగర్_వాసి:
అందరికీ నమస్కారం అండి. చాన్నాళ్ళుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. విజయవాడ అజిత్ సింగ్‌నగర్‌లో మా నాన్నగారు ఎప్పుడో కొన్న 120 గజాల స్థలం ఉంది, ముందు 20 అడుగులు లోతు 54, తూర్పు ఫేసింగ్, ముందు 30 అడుగుల రోడ్డు. అందులో పాత రేకుల ఇల్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు రోడ్డు మీద నుంచి కొలిస్తే నాలుగడుగుల నీళ్ళు నిలబడ్డాయి, ఫ్రిజ్జు, బీరువా, పిల్లల పుస్తకాలు అన్నీ పోయినయ్. గోడలు ఇప్పటికీ కింద సగం చెమ్మే, సున్నం వేస్తే నెలకి రాలిపోద్ది. ఇంక రిపేర్లొద్దు పడగొట్టి కట్టేద్దాం అనుకున్నాం.

ఉండేది ఆరుగురం. అమ్మ నాన్న, నేను మా ఆవిడ, పాప ఇంటరు, బాబు ఏడో క్లాసు. అమ్మకి మోకాళ్ళు బాలేవు, మెట్లెక్కలేదు. ఇప్పటికి గ్రౌండ్ ప్లస్ వన్, తర్వాత చేతిలో డబ్బులుంటే ఇంకో ఫ్లోరు.

ప్లాన్ గీసే ఎల్‌టీపీ (లైసెన్సున్న టెక్నికల్ మనిషి) ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలన్నాడు. అవి పోను నాకు మిగిలేది బయటి కొలత వెడల్పు పదమూడున్నర, పొడవు 45 అడుగుల 9 అంగుళాలు. కాయితం మీద గీస్తే ఇల్లులా లేదు రైలు పెట్టెలా ఉంది. మెట్లేమో హాల్లోనే దక్షిణం గోడ వెంట పెట్టాడు, దాంతో హాలు తొమ్మిదడుగుల వెడల్పుకొచ్చేసింది, సోఫా వేస్తే మనిషి పక్కకి తిరిగి నడవాలి.

ఇంట్లో ఒక్కొక్కళ్ళది ఒక్కో మాట. నాన్న వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాలంటారు, మా ఆవిడ కారు పార్కింగ్ కావాలంటది (కారు ఇంకా కొనలేదు), మా బావమరిదేమో దక్షిణం పక్కింటాళ్ళు ఒక్క అంగుళం వదలకుండా మూడు ఫ్లోర్లు లేపారుగా మనమూ సందులు కలిపేసుకుందాం బావా అంటాడు. ఇలాంటి స్థలంలో కట్టినోళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త చెప్పండి.

గోడమీద_పిల్లి:
కారు రాకముందే పార్కింగ్ గొడవ వచ్చిందంటే ఇల్లు మొదలైపోయినట్టే అన్నా. కొబ్బరికాయ కొట్టేయండి 😄

స్ట్రక్చర్_బాబాయ్:
ముందు బావమరిది గారి సంగతి తేల్చుకోండి, ప్లానంతా దాని మీదే ఆధారపడి ఉంది.

సందులు కలుపుకోవద్దు. పర్మిషన్ ప్లాన్‌కి తేడా కట్టడం, రేపు లోన్ దగ్గరా అమ్మకం దగ్గరా పేచీలు, అదొకటి. అసలు సంగతి అది కాదు. పక్కవాళ్ళు వదల్లేదు కాబట్టి మీకు దక్షిణం వైపు వెలుతురు వచ్చేది మీరు వదిలిన మూడడుగుల మూడంగుళాల సందులోంచే. అదీ మూసేస్తే 54 అడుగుల పొడవునా కిటికీ అనేది ముందొకటి వెనకొకటి. మధ్య గదుల్లో పగలు పన్నెండింటికి కూడా లైటెయ్యాలి. పైగా హద్దు మీదే పిల్లర్ లేపితే ఫుటింగ్ (పిల్లర్ కింద పునాది దిమ్మ) ఒక పక్కకే వెయ్యాలి, పక్కింటి స్థలంలోకి పోకూడదుగా, దానికి లోపలి పిల్లర్‌తో కలిపి స్ట్రాప్ బీము అదీ ఇదీ అని ఖర్చు పెరుగుద్ది. మీటరు వదిలితే మామూలు అయిదడుగుల ఫుటింగ్ మధ్యలో పిల్లర్‌తో హాయిగా కూర్చుంటది.

ఇంకోటి. 120 గజాలంటే 100.3 చదరపు మీటర్లు. 2017 బిల్డింగ్ రూల్స్ టేబుల్లో 100 చదరపు మీటర్ల దగ్గర ఒక గీత ఉంది, అటు పడితే ఒక సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఇటు పడితే ఇంకోటి. ఆ తర్వాత సవరణలు కూడా వచ్చాయి. దస్తావేజులో ఎంతుంది, నేల మీద టేపు పెడితే ఎంతొస్తుంది, రెండూ చూపించి మీ స్థలం ఏ వరసలోకి వస్తుందో ఎల్‌టీపీని గట్టిగా అడగండి. పాత స్థలాల్లో నాలుగు మూలలా కొలిస్తే ముందు 20 ఉండి వెనక 19 చిల్లర రావడం మామూలే.

సింగ్‌నగర్_వాసి:
@స్ట్రక్చర్_బాబాయ్ థాంక్స్ అండి, ఆ వంద మీటర్ల సంగతి అతను చెప్పనేలేదు. ఆదివారం టేపు పెట్టి కొలిపిస్తా.

వాస్తు_చూద్దాం:
తూర్పు సింహద్వారం మంచిదే. ద్వారం తూర్పు గోడలో ఈశాన్యం వైపుకి రావాలి. సంపు, బోరు ఈశాన్యంలో. పడకగది నైరుతి. వంటిల్లు ఆగ్నేయం, కుదరకపోతే వాయవ్యం. మెట్లు ఈశాన్యంలోనూ రాకూడదు, బ్రహ్మస్థానంలోనూ (ఇంటి నడిమధ్య) రాకూడదు. మీ నాన్నగారు చెప్పింది కరెక్టే, పెద్దల మాట తీసెయ్యకండి.

గోడమీద_పిల్లి:
@వాస్తు_చూద్దాం సార్ ఆగ్నేయం అంటే రోడ్డు మీద నిలబడి ఇల్లు చూస్తే ఈయనకి ముందు ఎడం మూల. ఉన్న పన్నెండడుగుల్లో ఏడడుగులు వంటిల్లు పెడితే మిగిలిన అయిదడుగుల్లో ద్వారం, హాలు, పెళ్ళిచూపులు అన్నీ కానివ్వాలా?

కొరిటెపాడు_కోడలు:
గుంటూరు నుంచి. మాది ఇంకా ఇరుకు, 18 అడుగుల ముఖం, అదీ తూర్పే. మా మామగారు కూడా ఆగ్నేయం అని పట్టుబట్టారు. చివరికి సిద్ధాంతి గారే మార్గం చెప్పారు, వంటిల్లు మధ్యలో పెట్టుకోండమ్మా, ఆ గదికి ఆగ్నేయ మూలలో పొయ్యి తూర్పు ముఖంగా పెట్టుకోండి చాలు అని. మామగారు సరే అన్నారు, ఎందుకంటే చెప్పింది నేను కాదు కాబట్టి 🙂 మీరూ నాన్నగారితో మీరు వాదించకుండా ఆయన నమ్మే మనిషి చేత చెప్పించండి అన్నయ్యా.

ఇంక వంటిల్లు మధ్యలోకొస్తే పోపు ఘాటు ఇల్లంతా పట్టేస్తుంది, గుంటూరు వంటలకి మరీ. పొయ్యి పక్కన దక్షిణం గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను రంధ్రం ప్లాన్‌లోనే గీయించండి, తర్వాత కొట్టిస్తే టైల్స్ పగులుతాయి. ఫ్రిజ్జుకి రెండున్నర అడుగులు, మిక్సీకి గ్రైండర్‌కి విడిగా ప్లగ్గులు, గ్యాస్ బండ బయట సందులో పెట్టి పైపు లోపలికి. ఊరగాయ జాడీలకి, పండక్కి తీసే పెద్ద గిన్నెలకి అటక కావాలి, ఎల్‌టీపీలు గీసే ప్లాన్లలో అటక అనేది నేనెప్పుడూ చూళ్ళేదు.

పార్కింగ్ కోసం కింద ఖాళీ వదిలి ఇల్లంతా పైన పెడదాం, పెద్దవాళ్ళకి మాత్రం కింద వెనక ఒక గది, అని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు మీకు. వినకండి. వంటిల్లు పైన ఉంటే మీ అమ్మగారు కాఫీ కూడా ఎవరో తెచ్చిపెడితే తాగాలి. ఇంట్లో ఆరుగురున్నా ఆవిడ ఒక్కరే కింద కూర్చుని గేటు వైపు చూస్తుంటారు. వంట, టీవీ, ఆవిడ గది మూడూ ఒకే ఫ్లోరులో ఉండాలి.

సింగ్‌నగర్_వాసి:
@కొరిటెపాడు_కోడలు నిజం చెప్పాలంటే ఆ కింద పార్కింగ్ వెనక గది ప్లానే మేము ఫైనల్ అనుకున్నాం అండి. మీది చదివి మా ఆవిడకి చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలా, తర్వాత సరే కారు రోడ్డు మీద పెట్టుకుందాంలే అంది. లేని కారు.

కృష్ణలంక_కుర్రాడు:
అన్నా ఫ్లోర్లు గదులు తర్వాత, ముందు బేస్‌మెంట్ ఎత్తు ఎంత అనుకుంటున్నారు? మా వైపు కృష్ణకి కట్టిన రిటైనింగ్ వాల్ ఉంది కాబట్టి అప్పుడు బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయినా తట్టుకున్నాం. మీకు వచ్చింది నది నీళ్ళు కాదు, బుడమేరు, వెనక నుంచొచ్చి వారం పది రోజులు కదలకుండా నిలబడింది. మా పెద్దమ్మ వాళ్ళు పాయకాపురంలో ఉంటారు, పడవలో వెళ్ళి పాల ప్యాకెట్లిచ్చొచ్చాం. అందుకే చెప్తున్నా, ప్లింత్ (రోడ్డు మీద నుంచి ఇంటి నేల ఎత్తు) నాలుగున్నర అడుగులు లేపండి, అయిపోద్ది.

బ్రాడీపేట_అడ్డరోడ్డు:
నాలుగున్నర అడుగులు లేపితే మోకాళ్ళ నొప్పులున్నావిడ ఎట్టా ఎక్కుద్ది బ్రదర్? అంగుళాల్లో 54, ఏడంగుళాల మెట్టైతే ఎనిమిది మెట్లు. ముందున్నది అయిదడుగులే, ఎదురుగా పెడితే గేటు తీయగానే మెట్లే, బండ్లెక్కడ పెడతారు?

కృష్ణలంక_కుర్రాడు:
@బ్రాడీపేట_అడ్డరోడ్డు మరి నీళ్ళొస్తే ఆవిడ ఈదుద్దా?

స్ట్రక్చర్_బాబాయ్:
ఇద్దరూ ఆగండి. ఇందులో ఇద్దరిదీ కొంత నిజం ఉంది.

రోడ్డు మీద నాలుగడుగులు వచ్చిన చోట ప్లింత్ ఎంత లేపినా గ్యారంటీ లేదు, అదీగాక రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే పోస్తారు, పదేళ్ళలో మీ నాలుగడుగులు మూడే అవుతాయి. అట్లా అని రెండడుగులకి వదిలేస్తే మామూలు వానకే డ్రైనేజీ నీళ్ళు లోపలికొస్తాయి. నన్నడిగితే మూడున్నర. 42 అంగుళాలు, ఏడు చొప్పున ఆరు మెట్లు. వాటిని ఎదురుగా కాకుండా ఇంటి ముందు గోడ వెంట పక్కగా ఎక్కించండి, దక్షిణం వైపు మొదలై ఉత్తరానికి ఎక్కి ఈశాన్యం వైపున్న ద్వారం ముందు చప్టా మీదకి చేరతారు. అయిదు ట్రెడ్లు (కాలు పెట్టే చోటు) పదేసి అంగుళాలు, నాలుగడుగుల రెండంగుళాలు, ఆపైన నాలుగడుగుల చప్టా. మీ ముఖం ఇరవై అడుగులు, ఇంకా పదకొండు పైన మిగిలింది, రెండు బండ్లూ ఒక సైకిలూ అక్కడ. మెట్లకి రెండు వైపులా పట్టుకోవడానికి గొట్టం పెట్టించండి, మోకాళ్ళు బాలేనోళ్ళు ఒక చేత్తో ఎక్కలేరు.

ఇంక వరద సంగతి. కింద ఫ్లోరు తడిస్తే తడవనీ, మీరు పైన పది రోజులు గడపగలిగేట్టు చూసుకోండి. పైన ఒక బాత్రూం తప్పనిసరి, సింకుతో చిన్న గట్టు ఒకటి, గ్యాస్ బండ పట్టే చోటు, ఇన్వర్టరు బ్యాటరీ పైనే, కాయితాల బీరువా పైనే. కింద స్విచ్ బోర్డులు, ప్లగ్గులు అయిదడుగుల ఎత్తులో. కింద ఫ్లోరుకి విడిగా ఎంసీబీ, నీళ్ళొస్తున్నాయంటే కింద కట్టేసి పైన కరెంటు వాడుకోవచ్చు. కింద కబోర్డులకి ప్లైవుడ్ వద్దు, అల్యూమినియం గానీ సిమెంటు అరలు గానీ. మళ్ళీ తడిసినా కడుక్కుంటే సరిపోద్ది.

కృష్ణలంక_కుర్రాడు:
సరే బాబాయ్ మూడున్నరకి ఒప్పుకుంటున్నా. ఆ ప్లగ్గుల సంగతి మాత్రం సూపర్.

పటమట_పైప్‌లైన్:
డ్రైనేజీ గురించి ఎవరూ అడగలా కాబట్టి నేనే చెప్తా, చేసే పని ఇదే. మీ వెనక బాత్రూం నుంచి రోడ్డు మీద లైనుకి దాదాపు యాభై అడుగులు. నాలుగంగుళాల పైపుకి అరవై అడుగులకి అడుగు చొప్పున వాటం వేసుకుంటే పదంగుళాలు దిగాలి. ప్లింత్ మూడున్నర లేపుతున్నారు కాబట్టి వాటానికి లోటు లేదు, తక్కువ లేపినోళ్ళకే తిప్పలు. మురుగు లైను దక్షిణం సందులో, మంచినీళ్ళ లైను ఉత్తరం సందులో, రెండూ ఒకే సందులో వెయ్యనివ్వద్దు, సంపు ఈశాన్యంలోనే కదా వస్తది. మలుపు ఉన్న ప్రతి చోటా ఛాంబరు, మూత తీసి చెయ్యి పెట్టేంత ఉండాలి. ఇంటి చివరి ఛాంబర్‌లో వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ ఒకటి పెట్టించండి. సింగ్‌నగర్‌లో వరద గుమ్మంలోంచి వచ్చే ముందే చాలా ఇళ్ళల్లో బాత్రూం కన్నంలోంచి వచ్చింది, అది చూసినోళ్ళకి తెలుస్తది. సంపు మూత కూడా నేలకి సమానంగా కాకుండా ఒక రెండడుగులు గోడ కట్టి పైన పెట్టండి, వరదని పూర్తిగా ఆపలేదు గానీ మామూలు రోడ్డు నీళ్ళు కలవవు.

వన్‌టౌన్_అరుగు:
ఇంతకీ మెట్ల సంగతి ఎవరూ తేల్చలేదు, ప్రశ్న అదే కదా.

నేను పుట్టి పెరిగింది వన్‌టౌన్‌లో, అక్కడ కొట్ల వెనక ఇళ్ళు చూసి ఉంటారు, ముఖం పదిహేను అడుగులు లోతు ఎనభై. ముందు కొట్టు, వెనక కొట్టుగది, మధ్యలో చిన్న మండువా, దాని వెనక వంటిల్లు, దొడ్డి. ఆ మధ్యలో ఆకాశం కనపడబట్టే అంత లోతు ఇంట్లో జనం ఊపిరి తీసుకున్నారు. ఇప్పుడు మనం అదే లోతు స్థలంలో మధ్యలో గోడలు నింపేసి చివర్లో కిటికీలు పెట్టి చీకటి చీకటి అంటున్నాం. 120 గజాల్లో మండువా వదల్లేరు, ఒప్పుకుంటా. కానీ మెట్లకి ఎలాగూ పైనుంచి కింద దాకా స్లాబులో కన్నం పెడతారు కదండీ. దాన్ని తీసుకెళ్ళి ముందు హాల్లో ఓ మూల వృథా చేస్తున్నారు. ఆ కన్నాన్ని ఇంటి మధ్యకి తెచ్చుకోండి, మెట్లూ అదే వెలుతురూ అదే గాలీ అదే. విడిగా డక్ట్ అని ఇంకో చోటు పోగొట్టుకోనక్కర్లా.

స్ట్రక్చర్_బాబాయ్:
@వన్‌టౌన్_అరుగు నేను రాద్దామనుకున్నది మీరు రాసేశారు. కొలతలు నేనిస్తా.

స్లాబు నుంచి స్లాబుకి 10 అడుగులు, 120 అంగుళాలు. 18 రైజులు (మెట్టు మీద మెట్టు ఎత్తు) వేస్తే ఒక్కోటి 6.67 అంగుళాలు, పెద్దవాళ్ళకి కూడా పర్లేదు. రెండు వరసలు, వరసకి తొమ్మిది రైజులు, ఎనిమిది ట్రెడ్లు. ఈ రెండు వరసల్నీ ఇంటి పొడవు వెంట కాకుండా అడ్డంగా, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి పెట్టండి. ట్రెడ్ 9 అంగుళాలైతే ఆరడుగులు, మధ్యలో మలుపు తిరిగే ల్యాండింగ్ మూడు, మొత్తం తొమ్మిది. మీ లోపలి వెడల్పు బయట గోడలు తొమ్మిదంగుళాలు తీసేస్తే పన్నెండు. మిగిలిన మూడడుగులు ఉత్తరం గోడ వెంట హాల్లోంచి వెనక్కి పోయే దారి. విడిగా కారిడార్ అక్కర్లేదు, మెట్ల దగ్గర నిలబడే చోటే కారిడారు.

కానీ 9 అంగుళాల ట్రెడ్ మీద పాదం పూర్తిగా ఆనదు, దిగేటప్పుడు భయం. దానికో ఉపాయం. పిల్లర్ల మీద నిలబడే ఇంటికి బయటి గోడ తొమ్మిదంగుళాలే ఉండాలని లేదు, ఆరంగుళాల ఫ్లైయాష్ దిమ్మలతో కట్టండి, ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు పక్కనే కాబట్టి మనకి ఆ బూడిద ఇటుకా దిమ్మా బాగానే దొరుకుతాయి. రెండు పక్కలా మూడేసి అంగుళాలు, లోపల ఆరంగుళాలు కలిసొచ్చింది. పన్నెండున్నర అయ్యింది కదా, ట్రెడ్ 10 చేసుకోండి. ఆరడుగుల ఎనిమిదంగుళాలు, ల్యాండింగ్ మూడు, దారికి రెండడుగుల పదంగుళాలు మిగిలింది. బీరువా ఏటవాలుగా తిప్పితే పోద్ది.

రెండు వరసలూ మూడేసి అడుగులు, మధ్యలో అందరూ ఆరంగుళాలు వదులుతారు, మీరు అడుగున్నర వదలండి. మెట్ల గది పొడవు ఏడున్నర అవుద్ది. ఆ అడుగున్నర సందులోంచే పైనుంచి వెలుతురు కింద దాకా దిగేది. చుట్టూ గ్రిల్లు దగ్గర దగ్గరగా, పిల్లల తల పట్టకుండా.

వాస్తు_చూద్దాం:
మెట్లు ఇంటి మధ్యకి తెస్తే బ్రహ్మస్థానం మీద బరువు పడుద్ది. ఇది మంచిది కాదు. మీ ఇష్టం.

వన్‌టౌన్_అరుగు:
@వాస్తు_చూద్దాం బ్రహ్మస్థానం ఖాళీగా ఆకాశానికి తెరిచి ఉండాలనే కదండీ శాస్త్రం. ఇక్కడ నడిమధ్యన ఖాళీయే వస్తోంది, మెట్లు దక్షిణానికి జరిగి ఉన్నాయి, ఉత్తరం దారి ఖాళీ. ఎక్కేది కూడా తూర్పు వరసలో దక్షిణానికి ఎక్కి, కుడికి తిరిగి పడమటి వరసలో ఉత్తరానికి వస్తారు, ప్రదక్షిణమే అయ్యింది.

వాస్తు_చూద్దాం:
@వన్‌టౌన్_అరుగు ప్రదక్షిణంగా ఉంటే కొంత దోషం తగ్గుతుంది. మెట్ల సంఖ్య కూడా చూసుకోండి, బేసి సంఖ్య రావాలి. 18 సరి.

గోడమీద_పిల్లి:
గుమ్మం ముందు ఆరు, లోపల పద్దెనిమిది. ఒక్క మెట్టు ఎక్కడన్నా తోసెయ్యండి బాబాయ్, ఆయన కోసం.

స్ట్రక్చర్_బాబాయ్:
పైన టెర్రస్ మీదకి ఎక్కేచోట గడప కింద ఒక అడుగు ఎలాగూ లేపుతాం, వాన నీళ్ళు లోపలికి దిగకుండా. అది కలిపితే 19. తృప్తిగా పడుకోండి.

టెర్రస్ మాటొచ్చింది కాబట్టి, మెట్ల పైన టెర్రస్ మీద కట్టే హెడ్‌రూమ్‌కి గాజు కప్పు వేయించొద్దు. ఇంటర్నెట్లో ఫొటోలు బాగానే ఉంటాయి, మే నెలలో బెజవాడ ఎండకి కింద కూర్చున్నోళ్ళు పెనం మీద అట్టయిపోతారు. పైన స్లాబే వెయ్యండి, గోడలకి మాత్రం ఉత్తరం వైపూ తూర్పు వైపూ నిలువెత్తు జాలీ గానీ లూవర్లు (ఏటవాలు పలకలు) గానీ పెట్టి లోపల దోమల మెష్. వేడి గాలి పైకి పోయి అందులోంచి బయటికి లాగేస్తుంది. పడమర వైపు మాత్రం ఏమీ తెరవొద్దు, వేసవిలో ఆ గాలి వడగాలే.

కొరిటెపాడు_కోడలు:
మా ఇంట్లో మెట్లు మధ్యలోనే. చెప్పకపోతే తెలియని ఒక ఇబ్బంది ఉంది, చప్పుడు. పైన పిల్లలు ఫోన్ మాట్లాడితే కింద వంటింట్లో వినపడుతుంది, కింద కుక్కర్ కూత పైన. మీ అమ్మగారికి మధ్యాహ్నం నిద్ర అలవాటుంటే ఆవిడ గది తలుపు దళసరిది పెట్టించండి. మాకైతే ఒక లాభం కూడా, పిల్ల రాత్రి ఎంతసేపు చదువుతోందో ఎంతసేపు ఫోన్లో ఉందో కిందికే తెలిసిపోతుంది 🙂

సింగ్‌నగర్_వాసి:
అందరూ చెప్పినవి కలిపి రాత్రి కూర్చుని గీశాను, బాబాయ్ గారు కాస్త చూడండి. లోపలి వెడల్పు పన్నెండున్నర అన్ని గదులకీ. తూర్పు నుంచి పడమరకి వరసగా: హాలు 14, మెట్లు ఏడున్నర, వంటిల్లు డైనింగ్ కలిపి 11, అమ్మానాన్నల గది 12. పొయ్యి మెట్ల గోడకి ఆనించి తూర్పు ముఖం, దక్షిణం మూల. అమ్మ గదిలో బాత్రూం వాయవ్యం మూల 8 x 4.5. ఇంకో చిన్న టాయిలెట్ మెట్ల ల్యాండింగ్ కింద, ఎవరన్నా వస్తే అమ్మ గదిలోకి వెళ్ళక్కర్లేకుండా. పైన ముందు మా గది, వెనక పాప గది, వంటింటి పైన బాబు గది. నాన్నగారు ఆగ్నేయం విషయంలో మెత్తబడ్డారు, చెప్పింది వాళ్ళ ఊరి పంతులు గారు.

స్ట్రక్చర్_బాబాయ్:
గోడలు కలపలేదు బాబూ. 14, 7.5, 11, 12 కలిపితే 44 అడుగుల ఆరంగుళాలు. లోపలి పొడవు ఆరంగుళాల గోడలు పోను 44 అడుగుల 9. కానీ మధ్యలో మూడు గోడలు నాలుగున్నర అంగుళాల చొప్పున మొత్తం అడుగు మీద ఒకటిన్నర అంగుళాలు ఉన్నాయి, అవి ఎక్కడ కడతారు? పదిన్నర అంగుళాలు ఎక్కువైంది. అందులో నాలుగున్నర ఇట్టే తగ్గిద్దాం, హాలుకీ మెట్లకీ మధ్య గోడే వద్దు, పైన బీము చాలు. మెట్లలోంచి దిగే వెలుతురు హాల్లోకి రావాలంటే కూడా అదే మంచిది. మిగతా ఆరంగుళాలు హాల్లో తగ్గించండి, పదమూడున్నర చాలు. పూతకి ఇంకో రెండు మూడు అంగుళాలు పోతాయి, అవి డైనింగ్‌లో పోనివ్వండి, బెడ్రూంలో తగ్గించొద్దు.

అమ్మగారి బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టండి. లోపల జారిపడితే లోపలికి తెరిచే తలుపు మనిషికి అడ్డం పడి తెరుచుకోదు. ల్యాండింగ్ కింద టాయిలెట్‌కి ఎత్తు చూసుకున్నారా? తొమ్మిది రైజులు అయిదడుగులు, అందులో స్లాబు మందం పోతే నాలుగున్నరకి దిగొచ్చు. మనిషి నిలబడలేడు. అక్కడ వాషింగ్ మెషినూ చీపుర్లూ పెట్టుకోండి (ఇన్వర్టరు మాత్రం వద్దు, అది పైన అన్నాను), ఆ టాయిలెట్‌ని వంటింటి వెనక దక్షిణం గోడకి నాలుగు బై నాలుగున్నరలో ఇరికించండి, డైనింగ్ కొంచెం తగ్గుద్ది.

కొరిటెపాడు_కోడలు:
వంటింటిని ఆనుకుని టాయిలెట్టా బాబాయ్ గారూ, మా అత్తగారైతే ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టదు. తలుపు వంటింట్లోకి కాకుండా చూడండి కనీసం.

స్ట్రక్చర్_బాబాయ్:
@కొరిటెపాడు_కోడలు అయితే అమ్మగారి బాత్రూంకే రెండు తలుపులు పెట్టాలి, ఒకటి గదిలోకి ఒకటి డైనింగ్ వైపుకి. దానికి బాత్రూం పడమటి గోడ నుంచి జరిపి డైనింగ్ గోడకి తేవాలి. అప్పుడు పడమటెండని ఆపేది ఉండదు, గది వేడెక్కుద్ది, అక్కడ బీరువాలు వరసగా పెట్టుకోవాలి. ఏది కావాలో ఇంట్లో ఆడవాళ్ళే తేల్చాలి, నేను చెప్పను.

బ్రాడీపేట_అడ్డరోడ్డు:
ఒక్కటి అడుగుతా, లిఫ్ట్ కి చోటు వదలరా? రెండో ఫ్లోరు వేస్తే రేపు వీళ్ళకే మోకాళ్ళు పోతాయిగా.

పటమట_పైప్‌లైన్:
120 గజాల్లో అయిదు బై అయిదు కన్నం లిఫ్ట్ కి వదిలితే ఇంకేం మిగులుద్ది. తప్పదనుకుంటే ఆ రోజు వెనక సందు వైపు చూసుకుంటారు.

స్ట్రక్చర్_బాబాయ్:
@పటమట_పైప్‌లైన్ వెనక సందు మీటరే, అదీ సెట్‌బ్యాక్, అందులో లిఫ్ట్ పెట్టనివ్వరు. నిజంగా కావాలంటే ఇప్పుడే డైనింగ్‌లో స్లాబు కడ్డీలు ఆ అయిదడుగుల చదరం చుట్టూ విడిగా కట్టించుకుని, చుట్టూ బీములు వేసి, మధ్య ముక్క తర్వాత కొట్టేసుకునేట్టు వెయ్యాలి. స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో ముందే రాయిస్తేనే. కడ్డీలు మామూలుగా వేసి తర్వాత కొడదాం అంటే కుదరదు.

సింగ్‌నగర్_వాసి:
లిఫ్ట్ మాట విని నాన్న నవ్వారండి, అది నా పిల్లలు చూసుకుంటారు అన్నారు. కానీ ఆ కడ్డీల సంగతి రాయిస్తా, ఖర్చెంతో అడిగి. బాత్రూం రెండు తలుపులది మా ఆవిడకి నచ్చింది, అమ్మకి నచ్చలా, చుట్టాలు నా బాత్రూంలోకెందుకు అంటోంది. ఇంకా నడుస్తోంది.

పునాది గురించి ఒక్కటి. దక్షిణం పక్కింటాళ్ళ గోడ పాతది, హద్దు మీదే ఉంది. మేము గుంటలు తవ్వితే వాళ్ళది కూలుద్దేమో అని ఆయన ఇప్పుడే బెదిరిస్తున్నాడు.

స్ట్రక్చర్_బాబాయ్:
భయం న్యాయమే ఆయనది. ఆ వైపు గుంటలన్నీ ఒకేసారి తవ్వించొద్దు, కాంట్రాక్టరు జేసీబీ గంటల లెక్క మిగుల్చుకోవడానికి ఒక్క పూటలో తవ్వేస్తానంటాడు. ఒకటి విడిచి ఒకటి తవ్వి, ఫుటింగ్ పోసి, పిల్లర్ మెడ దాకా లేపి, మట్టి పూడ్చి, తర్వాత మిగతావి. వానల్లో మొదలుపెట్టొద్దు. తవ్వకముందే పక్కింటి గోడ ఫొటోలు తేదీతో తీసుకోండి, ఉన్న పగుళ్ళన్నీ ఆయన్ని పక్కన పెట్టుకునే తియ్యండి. మట్టి పరీక్ష కూడా చేయించండి, వారం పైన నీళ్ళు నిలిచిన నేల, పక్క వీధిలో అయిదడుగులకి గట్టిపడిందని మీకూ అంతే అనుకోడానికి లేదు.

గోడమీద_పిల్లి:
పక్కింటాయన్ని ఫొటోలో నవ్వమనండి అన్నా, రేపు పనికొస్తది.

సింగ్‌నగర్_వాసి:
😄 ఆదివారం కొలతలు తీశామండి. ముందు 20, వెనక 19 అడుగుల 8 అంగుళాలు. బాబాయ్ గారు అన్నట్టే అయ్యింది. లెక్కేస్తే వంద మీటర్లకి కొంచెం కిందకే వస్తోంది, ఎల్‌టీపీకి ఫోన్ చేస్తే దస్తావేజు తెమ్మన్నాడు.

స్ట్రక్చర్_బాబాయ్:
తీసుకెళ్ళండి. సెట్‌బ్యాక్ తగ్గుతుందన్నా సరే దక్షిణం సందు మాత్రం తగ్గించొద్దు, తగ్గేదేమన్నా ఉంటే ఉత్తరం వైపు తీసుకుని మెట్ల పక్క దారిని మూడున్నర చెయ్యండి. తర్వాత పెట్టే ప్లాన్‌లో కొలతలు గోడ లోపలివా బయటివా అని ప్రతి చోటా రాయండి.